సంతకానికి ముందు

ఇక్కడ పట్టాలందుకున్న పిల్లలున్నారు, వెనక గోడవారగా నిలబడే ఉన్న తల్లిదండ్రులున్నారు. వాళ్లలో పొద్దున వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లు అలసిపోకముందే ముగిస్తాను.

ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. అమెరికా సముద్రాలు దాటి రాజ్యాలు పట్టిన కథను మొదట్లో యుద్ధనౌకలతో మొదలుపెట్టేవాణ్ణి. 1898 మే 1న మనీలా అఖాతంలో అమెరికా సేనాని డ్యూయీ నౌకలు స్పెయిన్ దళాన్ని ఒక్క పూటలో ముంచేసిన తీరు చెబుతుంటే చివరి బెంచీ కూడా కదలకుండా వినేది. తర్వాత ఆ పాఠం మార్చేశాను. మార్పించింది రుద్రంగి నుంచి వచ్చిన ఒక తండ్రి.

ఒకరోజు చీకటిపడే వేళ వచ్చి, మడతలు నలిగిన కాగితం చేతిలో పెట్టాడు. "సారూ, పిలగాడు గల్ఫ్ పోయిండు. దీంట్ల ఏం రాసుందో జర సదివి చెప్పున్రి" అన్నాడు. కొడుకు నా దగ్గర బీఏ చదివినవాడే. ఆఫీసులో పని అని ఏజెంటు చెప్పాడు. ఒక పక్క అరబ్బీ, ఇంకో పక్క ఇంగ్లీషు. ఇంగ్లీషులో గొర్రెల కాపరి అని ఉంది. జీతం చెప్పినదాంట్లో సగం. కింద మావాడి సంతకం, గుండ్రంగా, అందంగా ఉంది. పరీక్ష పేపరు మీద ఎన్నిసార్లు చూశానో ఆ సంతకం! మూడేళ్లు నా క్లాసులో కూర్చున్న పిల్లవాడికి ఒక్క కాగితం చదివి సంతకం చేయడం నేర్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నౌకలు పక్కన పెట్టి కాగితాలు చెప్పసాగాను. 1898 డిసెంబరులో పారిస్ ఒప్పందం జరిగింది. 2 కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి మారింది. ఫిలిప్పీన్స్ తరఫున ఫెలిపె అగోన్సిల్లో పారిస్ దాకా వెళ్లాడు, చర్చల్లోకి రానివ్వలేదు. అమ్ముడుపోయిన నేల మనుషులు ఆ గది బయటే ఉండిపోయారు.

అదే యుద్ధం తర్వాత అమెరికా సైన్యం చేతిలో ఉన్న క్యూబాలో మాత్రం అక్కడివాళ్ల ఒప్పుదల అడిగారు. అది ఇంకా బాధాకరం. అమెరికా తనకు అవసరమనిపిస్తే జోక్యం చేసుకోవచ్చన్న ప్లాట్ సవరణను మీ రాజ్యాంగంలో రాసుకోండి, అప్పుడే మా సైన్యం కదులుతుందన్నారు. ముందు కాదన్న క్యూబా రాజ్యాంగ సభ 1901 జూన్‌లో 16 ఓట్లతో ఒప్పుకుంది. 11 మంది వద్దన్నారు. ఆ సవరణలోంచే 1903లో అమెరికా నౌకాస్థావరానికి క్యూబాలోని గ్వాంటనామో కౌలు వచ్చింది. ఏడాదికి 2000 బంగారు డాలర్లు, గడువు లేదు. 1934లో ఒప్పందం తిరగరాసినా, ఇద్దరూ ఒప్పుకుంటేనో, అమెరికా తనంతట తాను వదిలిపోతేనో తప్ప ఆ కౌలు తెగదు. అమెరికా ఇవాళ్టికీ అక్కడే ఉంది.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. ఆదిలాబాదు దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే అవతల యవత్మాల్, ఒకప్పటి బేరారు. మంచి పత్తి పండే నల్లరేగడి. హైదరాబాదు కంటింజెంటు సైన్యం ఖర్చుల కింద నిజాం బాకీ చూపి 1853లో ఇంగ్లీషువాళ్లు దాన్ని తమ ఏలుబడిలోకి తీసుకున్నారు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ జీవితమంతా దానికోసం కొట్లాడాడు, 1876లో ఇంగ్లండు దాకా పోయి వచ్చాడు. రాలేదు. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు వచ్చి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో ముఖాముఖి మాట్లాడాడు. ఆ నవంబరులో బేరారు శాశ్వత కౌలుకు పోయింది, ఏడాదికి 25 లక్షల రూపాయలకు. నాలుగు నెలలు తిరగకముందే గ్వాంటనామో. ఒకటి లండన్ కోసం, ఒకటి వాషింగ్టన్ కోసం. బేరారు కాగితాల కోసం తార్నాక ఆర్కైవ్స్‌లో రెండు వేసవులు గడిపాను. ఒక్కో పుట తిప్పుతుంటే ఆ తండ్రి ఇచ్చిన మడతల కాగితమే గుర్తొచ్చేది. నిజాం పక్కన దివాన్లున్నారు, మున్షీలున్నారు. మావాడి పక్కన ఎవరున్నారు?

మీమీద నాకు కోపం ఉంది, చెప్పనివ్వండి. ఫోన్‌లో ఏ షరతు వచ్చినా చదవకుండా ఒప్పుకుంటున్నామని నొక్కుతారు. అమెరికా చదువుకని కన్సల్టెన్సీవాళ్లు నింపిన ఫారం మీద మీ పేరు రాసి వస్తారు. బాపు పొలం కుదువ పెట్టిన బ్యాంకు కాగితాలు ఎన్ని పుటలో కూడా చూడరు. అవ్వ వేలిముద్ర వేసిందంటే అర్థం చేసుకుంటాను, ఆమెను బడికి పంపలేదు. మీకేమైందిరా? ఇంగ్లీషు రాదని సిగ్గుపడకండి. అర్థంకాని మాట కింద గీత గీసి, అడిగి, తెలిసినాకే కలం తీయండి. తొందర పెట్టేవాణ్ణి ఒక్కరోజు ఆగమనండి. ఒక్కరోజు కూడా ఆగనంటే ఆ కాగితంలో ఏదో ఉంది.

క్యూబా ప్రభుత్వం 1959 తర్వాత గ్వాంటనామో కౌలు చెక్కులు మార్చుకోవడం మానేసింది. బేరారు హైదరాబాదు ఏలుబడిలోకి మళ్లీ రాలేదు. మావాడు మాత్రం రెండేళ్లకు తిరిగొచ్చాడు. ఇవాళ ఆ గోడవారన నిలబడ్డవాళ్లలో ఉన్నాడు, చెల్లెలి పట్టా చూడటానికి వచ్చాడు.

నేను రేపు పదింటి దాకా గుడి వెనక వీధిలో మా ఇంట్లోనే ఉంటాను. సంతకం పెట్టాల్సిన కాగితం ఎవరి దగ్గరున్నా పట్టుకురండి. కూర్చుని చదువుదాం.