సముద్రపు ఛాయాచిత్రం – కత్తిరింపులోని వివేకం
ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం



లత్తేరికి సముద్రం లేదు. కాట్పాడి మీదుగా నూటముప్పై కిలోమీటర్లకు పైగా రైలులో ప్రయాణిస్తే గాని చెన్నై మెరీనా కనబడదు. అందుచేత విహారయాత్రకు వెళ్ళిన విద్యార్థి చేతికి కెమెరా అందితే మొదట తీసేది సముద్రాన్నే. ఇంటికి తెచ్చి చూపితే అందరూ బాగుందంటారు. తీసిన పిల్లవాడికి మాత్రం వెలితిగానే ఉంటుంది. ఒడ్డున కన్నుల నిండా కనిపించిన సముద్రం కాగితం మీద సన్నని బూడిదరంగు చారగా మిగిలిపోతుంది. ఆ వెలితిని తీర్చే విధమే నేటి ప్రసంగ విషయం.

అటువంటి ఒక ఛాయాచిత్రాన్ని ఊహించుకోవచ్చు. పైన సగం ఖాళీ ఆకాశం. కింద ఇసుక, విడిచిన చెప్పులు, సంచులు. నడుమ ఒకవైపు ఒరిగిన సముద్రం. ఎడమ అంచున నిక్కరు తడవకుండా పైకి పట్టుకొని అలల్లో నిలిచిన ఒక సహాధ్యాయి.

మొదట సరిచేయవలసింది నీరు ఆకాశాన్ని తాకే గీతను. నీరు పల్లమెరుగునన్నది సామెత. గీత ఒరిగితే సముద్రం అంచునుండి కారిపోతున్నట్లు కనిపిస్తుంది. 6000 చుక్కల వెడల్పు గల చిత్రంలో ఒక్క డిగ్రీ వాలు ఉన్నా, గీత ఒక కొన రెండో కొనకంటే సుమారు 105 చుక్కలు పైకి లేస్తుంది. ఇంత చిన్న వాలునైనా కన్ను పసిగడుతుంది.

రెండవది కత్తిరింపు. 6000 వెడల్పు, 4000 ఎత్తు గల చిత్రంలో మొత్తం 2.4 కోట్ల చుక్కలుంటాయి. పైనుండి ఆకాశాన్నీ, కిందనుండి ఇసుకనూ వెయ్యేసి చుక్కల మేర తీసివేస్తే 1.2 కోట్లు మిగులుతాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేసినా ఇరవై అంగుళాల వెడల్పు వస్తుంది. చెప్పులు, సంచులు పోయి సముద్రానికి తగిన చోటు దక్కుతుంది.

మూడవది వెలుగు. ఇసుక, నురుగు మెరుస్తూ ఉంటే కెమెరా ఆ వెలుగును సగటుకు దించి బూడిదరంగు చేస్తుంది. నురుగు తెల్లబడేదాకా వెలుగు పెంచాలి. నురుగులోని గీతలు చెరిగిపోకముందే ఆపాలి. నీలిరంగు అతిగా పూస్తే అది మెరీనా సముద్రం కాకుండా పోతుంది.

ఇదంతా కంప్యూటరు తెచ్చిన విద్య కాదు. తొలినాటి నెగటివ్‌లు నీలికాంతికే ఎక్కువగా స్పందించేవి. సముద్రం చక్కగా పడేసరికి ఆకాశం వెలవెలబోయేది. ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే 1857లో సేత్ రేవు వద్ద సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరొకటి తీసి, రెండింటినీ ఆ గీత దగ్గర కలిపి అచ్చువేశాడు. 1855లో బర్మాకు వెళ్ళిన లిన్నియస్ ట్రైప్ కాగితపు నెగటివ్‌ల మీద రంగు పూసి మేఘాలను కల్పించాడు. ఆయనే తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ ఛాయాగ్రాహకుడై మధుర, తంజావూరు ఆలయాలను చిత్రించాడు. నాటి రసాయనాలకు అందని ఆకాశాన్ని తిరిగి తేవడమే వారి ఉద్దేశం. అయినా అతికించిన ఆకాశం ఆ క్షణపు ఆకాశం కాదు. ఆ మాట దాచకుండా చెప్పడం ధర్మం.

ఇక అంచున ఉన్న బాలుని సంగతి. అతణ్ణి కూడా తీసివేస్తే చిత్రం శుభ్రపడుతుంది. కాని అల ఎంత ఎత్తు లేచిందో తెలిపే కొలబద్ద పోతుంది. ఆనాటి స్నేహమూ పోతుంది. అతణ్ణి ఉంచి, కుడివైపున ఖాళీగా ఉన్న నీటిని తగ్గించడమే మేలు. చెప్పులు, సంచులు అడ్డు. మనిషి అడ్డు కాడు. ఈ తేడా తెలియడమే కత్తిరింపులోని వివేకం.

ఈ మాట ఇళ్ళలోని పాఠశాల ఛాయాచిత్రాలకు మరింతగా వర్తిస్తుంది. తరగతి ఫొటోలో నడుమ కుర్చీలలో ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయులు కూర్చుంటారు. గంట కొట్టే ప్యూను, నీళ్ళు మోసే ఆయా ఒక చివర నిలబడతారు. పుస్తకంలో పుట కొలతకు సరిపెట్టేటప్పుడు కత్తెర ముందుగా తాకేది ఆ చివరనే. మూడు వేళ్ళ వెడల్పు కాగితంతో పాటు ఒక మనిషి పాఠశాల చరిత్రనుండి తొలగిపోతాడు.

కాబట్టి పాత ఫొటోను స్కాన్ చేయించేటప్పుడు అట్ట అంచులతో సహా చేయించాలి. వెనుక తెలుగులో రాసిన పేర్లను కూడా స్కాన్ చేయించాలి. సవరణలన్నీ నకలు మీదనే జరగాలి, అసలును తాకరాదు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఛాయాచిత్రం విషయంలో నిజాన్ని దేవునికి వదలనక్కరలేదు. అసలు ప్రతిని భద్రపరచిన ఇల్లు కూడా దాన్ని ఎరుగును.