పాత పహాణీలో నాయనమ్మ పేరు



పొదుపు, అప్పుల లెక్కలు నివేదికలో ఎలాగూ ఉన్నాయి. అందుకే ఈసారి మా సంఘంలో ఒక అక్క భూమి కాగితాల కోసం మేము ఎట్ల తిరిగామో, ఏం నేర్చుకున్నామో చెప్తాము. అందరికీ చెప్పమని ఆ అక్కే అన్నది, పేరు మాత్రం వద్దన్నది.

ఆమె భర్త చనిపోయి నాలుగేళ్లు. ఇద్దరు చిన్న పిల్లలు. ఇంటికి మూడెకరాల చెలక ఉంది. ఆయన ఉన్నన్నాళ్లు అన్నదమ్ములు కలిసే సాగు చేశారు. ఆయన పోయినంక బావ మాట మార్చిండు. "పాస్‌బుక్కు నా పేరు మీద ఉంది. భూమి నేను సంపాదించుకున్నది. నీకేం లేదు" అన్నడు. అక్క చేతిలో ఒక్క కాగితం లేదు. పొదుపు కట్టడం కూడా ఆగిపోయింది. మీటింగులో ఎందుకు కట్టలేదని అడిగితే ఏడ్చింది. ఏడిస్తే భూమి రాదు, కాగితం వెతకాలని అందరం అనుకున్నాము.

మాలో పదో తరగతి చదివినవాళ్లం ఇద్దరమే. మిగతావాళ్లు సంఘంలోనే సంతకం నేర్చుకున్నారు. అయినా అడిగి అడిగి తెలుసుకున్నాము. పాస్‌బుక్కులో ఇప్పటి పేరే ఉంటుంది. ఆ పేరు ఎట్ల ఎక్కింది, అంతకుముందు ఎవరిది అన్నది పాత రికార్డులో చూడాలి. మన తెలంగాణలో నిజాం కాలంలో భూమి కొలిచి, సర్వే నంబర్లు ఇచ్చి రాసింది సేత్వార్. 1954-55లో ఊరూరా రాసింది ఖాస్రా పహాణీ. ఆ తర్వాత ఏటేటా రాసినవి మామూలు పహాణీలు. పహాణీలో రెండు గళ్లు తప్పకుండా చూడాలి. పట్టాదారు ఎవరు, అనుభవంలో ఎవరు ఉన్నారు. పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం రాసి ఉంటే భయపడొద్దు. దానికి 590 కలపాలి. 1364 ఫసలీ అంటే 1954-55 అన్నమాట.

ముందు సర్వే నంబరు కావాలి. చనిపోయిన అత్త సందూకు వెతికితే మామ పేరు మీద కట్టిన శిస్తు రశీదు దొరికింది, దాని మీద నంబరు ఉంది. నకళ్ల కోసం దరఖాస్తు పెడితే పాతవి దొరకవన్నారు. మేము ఊరుకోలేదు. సమాచార హక్కు చట్టం కింద రాసి పెట్టాము. ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు చెప్పాలి. నకళ్లు వచ్చాయి. ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉంది. ఊళ్లో ఉర్దూ వచ్చిన ఒక తాత అద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి చదివిండు.

పట్టాదారు గడిలో ఉన్నది మగవాళ్ల పేరు కాదు. అక్క భర్తకు నాయనమ్మ, ఆమె పేరు! మాకు నోట మాట రాలేదు. తర్వాత ఊళ్లో ముసలమ్మను అడిగితే, "అది ఆమెకు తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి బిడ్డా" అన్నది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు, కాగితానికి గుర్తుంది.

ఆమెకు ఒక్కడే కొడుకు. ఆమె పోయినంక విరాసత్‌లో మామ పేరు వచ్చింది. మామ పోయిన మరుసటి ఏడు పహాణీలో పెద్ద కొడుకు పేరు ఒక్కటే రాశారు. దానికి పంపకం కాగితం లేదు, కొన్న కాగితం లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీసినా ఆ నంబరు మీద అమ్మకం కనబడలేదు. అంటే బావ సంపాదించింది కాదు, మామది.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మనిషి ఆస్తి భార్యకు, కొడుకులకు, బిడ్డలకు, తల్లి ఉంటే తల్లికి సమానంగా వస్తుంది. అత్త మామకంటే ముందే పోయింది. ఇక మిగిలింది ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. మూడు వాటాలు.

ఇక్కడే మాకు చిక్కు వచ్చింది. ఆ బిడ్డ అంటే అక్కకు ఆడబిడ్డ. "ఆమెకు కట్నం ఇచ్చి పంపిండ్రు, ఆమెకు చెప్తే నీ వాటా తగ్గుతది" అని మాలోనే కొందరన్నారు. రెండు మీటింగులు ఇదే కొట్లాట. చివరికి అక్కే అన్నది: "నా మొగని వాటా అడుగుకుంట ఆమె వాటా దాచిపెడితే, బావకూ నాకూ తేడా ఏముంది?" మేమందరం తల దించుకున్నాము. మాలో ఎంతమంది ఆడబిడ్డలతో సంతకం పెట్టించుకొని ఊరుకున్నామో మాకే తెలుసు.

ఆడబిడ్డకు కబురు పెట్టారు. ఆమె వచ్చి వదిన పక్కన కూర్చుంది. చెల్లె ముందట, కాగితం ముందట బావ ఎక్కువ మాట్లాడలేకపోయిండు. పెద్దమనుషుల ఎదుట తలా ఒక ఎకరమని రాసుకున్నారు. పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాము. పాస్‌బుక్కు ఇంకా చేతికి రాలేదు. బావ మాతో మాట్లాడడం లేదు. అదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాము. ఆయన ఒప్పుకోకుంటే సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చేది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని గుర్తు పెట్టుకోండి.

తాతల నాటి ఉమ్మడి ఆస్తిలోనూ 2005 సవరణతో బిడ్డకు కొడుకుతో సమాన హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకున్నా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా జరిగిన పంపకాలను తిరగదోడరు.

ఇప్పుడు మా సంఘం తీర్మానం రాసుకుంది. ప్రతి సభ్యురాలు ఒక నోటుబుక్కులో సర్వే నంబరు, మూడు తరాల పేర్లు, ఎవరు ఎప్పుడు పోయిండ్రో రాసి పెట్టాలి. మరణ ధ్రువపత్రం, శిస్తు రశీదు పారేయొద్దు. ఇంట్లో మనిషి పోతే విరాసత్ దరఖాస్తు ఆలస్యం చేయొద్దు. ఆ దరఖాస్తులో బిడ్డల పేర్లు వదిలిపెట్టొద్దు.

డెబ్బై ఏళ్ల కింద ఒక ఆడమనిషి పేరు రాసి ఉండబట్టి ఈరోజు ఇంకో ఇద్దరు ఆడవాళ్లకు నిలబడే జాగా దొరికింది. మన పేర్లు కూడా రాయించుకుందాం. సెలవు.