ఒత్తు లేని కథ కావాలి: నా మొదటి పిల్లల పుస్తకం

"అన్నా, ఆ పిల్లల పుస్తకం ఎంతవరకు వచ్చింది?" అని చాలామంది అడుగుతున్నారు. 32 పేజీల్లో 18 అయ్యాయి. ఈరోజు వీడియో దాని మీదే.

అసలు ఎందుకు మొదలుపెట్టానో చెప్తా. మా అక్క కూతురికి ఆరేళ్ళు, హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం గుణింతాల దగ్గర ఆగిపోతుంది. మా నాన్న ఊళ్ళో ఉంటారు, ఆయనకి తెలుగు ఒక్కటే చదవడం వచ్చు. సెలవుల్లో ఇది తన ఇంగ్లీష్ బొమ్మల పుస్తకం పట్టుకెళ్ళి తాత ఒళ్ళో కూర్చుంటుంది. ఆయన బొమ్మలు చూసి ఏదో కల్పించి చెప్తారు. "తాతా, అక్కడ అలా లేదు" అంటుంది. ఆయన నవ్వేస్తారు. ఆ నవ్వు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. కాబట్టి రిక్వైర్‌మెంట్ ఒక్కటే: ఇది తనంతట తను చదివి తాతకి వినిపించాలి.

చందమామ ఉండేది కదా అంటారేమో. 1947లో మొదలైంది, తరాలు దాని మీద పెరిగాయి, శంకర్ గారి బేతాళుడి బొమ్మలు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటాయి. కానీ అది చదవడం వచ్చేసిన పిల్లలకి. గుణింతాలు వచ్చి ఒత్తులు రాని పిల్లకి ఏం రాస్తాం?

ఇక్కడే అసలు సరదా. ఒత్తుల్లేకుండా కథ రాయడానికి కూర్చోండి, తెలుస్తుంది. అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు... అందరూ అవుట్. కుక్క, పిల్లి, ఎద్దు అవుట్. ఇల్లు లేదు, చెట్టు లేదు, అన్నం లేదు. అసలు 'ఒత్తు' అన్న మాటలోనే ఒత్తుంది! మిగిలింది ఎవరయ్యా అంటే తాత. మేక. గొడుగు. నాకు అవి చాలు.

కథ ఏంటంటే, మేక తాత వస్తువులు ఒక్కొక్కటీ తినేస్తుంది. "మేక గొడుగు తింది" అని రాసి అదే బొమ్మ వేస్తే పిల్లలకి బోర్. బొమ్మలో ఉన్నదే మాటల్లో మళ్ళీ ఎందుకు? అందుకే ఒక పేజీలో "గొడుగు ఏది?" అని తాత అడుగుతాడు. పేజీ తిప్పితే "నాకు ఆకలి లేదు" అంటుంది మేక, నోట్లోంచి గొడుగు పిడి వేలాడుతూ ఉంటుంది. అబద్ధం ఎవరిదో పిల్లలే పట్టుకోవాలి. పేజీ తిప్పడం అంటే మన క్లిఫ్‌హ్యాంగర్ అన్నమాట.

32 ఎందుకంటే, పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చేసి మూడుసార్లు మడిచి కోస్తే 16 పేజీలు వస్తాయి. అలాంటివి రెండు. టైటిల్ లాంటివి తీసేస్తే కథకి దాదాపు 13 జంట పేజీలే. కోడింగ్‌లో కూడా మెమరీ తక్కువున్నప్పుడే నాకు బుర్ర బాగా పనిచేసేది, లెండి.

బొమ్మలు క్రిటాలో వేస్తున్నా, ఫ్రీ సాఫ్ట్‌వేర్. బొమ్మ మీదే మాటలు టైప్ చేయకండి, కొన్ని యాప్‌లలో ఒత్తులు పక్కకి జారిపోతాయి. నా పుస్తకంలో ఒత్తులే లేవు అనుకోండి, అది వేరే సంగతి. ఇంకోటి, ఫోన్‌లో మెరిసే ఆకుపచ్చ ప్రెస్‌లో అలాగే రాదు, స్క్రీన్ రంగులు వేరు, సిరా రంగులు వేరు. ముందే ఒక పేజీ ప్రింట్ తీసి చూసుకోండి.

కష్టమైంది మేక మొహం. ప్రతి పేజీలో అదే మేకలా ఉండాలి. కంటిపాప అడ్డంగా గీస్తేనే దానికి ఆ దొంగ చూపు వస్తుంది. నాన్న ఫోన్‌లో ఇంకో మాట చెప్పారు: "మేకకి పైన ముందు పళ్ళు ఉండవురా, చూసుకో." మా మేనకోడలికి కూడా ఇప్పుడు పై పళ్ళు రెండు ఊడాయి. స్కెచ్ చూపించగానే "ఇది నేనే" అంది. ఇంక మేక పేరు గురించి గొడవే లేదు.

ఇలాంటి పుస్తకం రాయాలనుకునేవాళ్ళు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ చూడండి. 2015 నుంచి ఉంది, తెలుగు కథలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. మొదటి లెవెల్ పుస్తకాల్లో పేజీకి ఎన్ని మాటలు పెట్టారో లెక్కపెట్టండి, మీకే అర్థమవుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళేలోపు మిగతా 14 పేజీలు అవ్వాలి. కథలోకి ఇంకో జంతువు కావాలి. ఒత్తు లేని పేర్లు కామెంట్‌లో పెట్టండి. కాకి, కోడి, గేదె ఇప్పటికే ఉన్నాయి. దయచేసి గొర్రె అని మాత్రం పెట్టకండి.