మూడు టీ స్పూన్ల తేడా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఎక్కువ శక్తినిచ్చే ఇంజన్లకు సిలిండర్ హెడ్ ఎలా ఎంచుకోవాలో, దాన్ని ఎలా మెరుగుపరచాలో అందరికీ అర్థమయ్యేలా చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఇంజనీరింగ్ రెండో ఏడు సెలవుల్లో ఒక స్నేహితుడి ఇంట్లో పాత బుల్లెట్ 350 హెడ్ విప్పాను. గాలి వచ్చే దారి ఎంత పెద్దదైతే బలం అంత ఎక్కువని నా నమ్మకం. ఇన్‌లెట్ పోర్టును గ్రైండరుతో వెడల్పు చేసి అద్దంలా మెరిపించాను. పలాస నుంచి టెక్కలి దాకా హైవే మీద బండి మునుపటికంటే జోరుగా పోయింది. మర్నాడు స్నేహితుడి తండ్రి రెండు బస్తాల కొబ్బరికాయలతో వజ్రపుకొత్తూరు వైపు తోటలోంచి బయలుదేరారు. సాయంత్రం వచ్చి, "ఏటి చేసీసినావురా బండికి? ఇసక దిబ్బ ఎక్కనంటంది" అన్నారు. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం కదా! ఆ దింపు డబ్బులో సగం ఇంకో హెడ్‌కే పోయింది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

జరిగిందేమిటో మన సైన్సు మాస్టారు ఎప్పుడో చెప్పారు. తోటలో నీళ్ల గొట్టం చివర నొక్కితే నీరు వేగంగా పోతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. వెడల్పైన పోర్టులోనూ అంతే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగా కలవదు, లాగే బలం తగ్గుతుంది. అందుకే హెడ్ ఎంచుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ ఇంజను ఎక్కువసేపు ఏ వేగంలో పనిచేస్తుంది? పందెం కారుకు ఒక జవాబు, కొబ్బరి బస్తాలకు ఇంకొకటి.

రెండోది, మలుపు. వాల్వు దగ్గర పోర్టు వంపు తిరుగుతుంది. మలుపులో బస్సు తిరిగితే మనం బయటివైపు ఒరిగినట్టే గాలి కూడా లోపలి గోడను వదిలేస్తుంది. ఆ వంపునూ, వాల్వు సీటు అంచులనూ సరిచేస్తే వచ్చే లాభం, పోర్టంతా మెరిపిస్తే రాదు. కీత్ డక్‌వర్త్ రూపొందించిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజను చూడండి. సిలిండరుకు నాలుగు వాల్వులు, వాటి మధ్య కోణం 32 డిగ్రీలే. దానివల్ల దహన గది లోతు తగ్గింది, పిస్టను తల చదునుగా ఉంచగలిగారు, మంట త్వరగా అంతటా పాకింది. మూడు లీటర్ల ఆ ఇంజను సుమారు 400 హార్స్‌పవర్ ఇచ్చింది. 1967లో జాండ్‌వూర్ట్‌లో తన మొదటి పందెంలోనే జిమ్ క్లార్క్‌ను గెలిపించింది.

మూడోది, కంప్రెషన్. ఆ బుల్లెట్ సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. అంటే 346 సీసీ. నిష్పత్తి 5.5 కావాలంటే పిస్టను పైన మిగిలే చోటు 77 సీసీ ఉండాలి, 6.5 కావాలంటే 63. తేడా 14 సీసీ, దాదాపు మూడు టీ స్పూన్లు! అంచనా తప్పి ఎక్కువ అరగదీస్తే, పెట్రోలు నాణ్యత దానికి చాలకపోతే ఇంజను నాక్ కొడుతుంది, చివరికి పిస్టనుకు చిల్లు పడుతుంది.

ఆ చోటును కొలిచేది దేనితో? మన కెమిస్ట్రీ లాబ్ బ్యూరెట్‌తోనే. వాల్వులు మూసి, ప్లగ్గు బిగించి, హెడ్‌ను బోర్లించి, అంచుకు గ్రీజు రాసి, చిల్లున్న అద్దపు పలక పెట్టి, ఆ చిల్లులోంచి కిరోసిన్ చుక్క చుక్కగా వదలాలి. నిండేసరికి ఎంత దిగిందో అదే గది కొలత. గాస్కెట్ మందాన్నీ, పిస్టను తల ఆకారాన్నీ కూడా లెక్కలో కలుపుకోవాలి. ఇది తెలిసీ ఆ రోజు నేను బ్యూరెట్ వెతకలేదు, గ్రైండరే వెతికాను.

నేను చెడగొట్టిన ఆ హెడ్‌ను ఇన్నేళ్లూ దాచుకున్నాను. ఈ రోజు కొన్ని బ్యూరెట్లతో కలిపి మన బడి లాబ్‌కు ఇస్తున్నాను. పిల్లలు దాన్ని కోయకుండా, ముందు కొలవాలని నా కోరిక.