అడగందే అమ్మయినా పెట్టదు

ఇవాళ పట్టాలు అందుకుంటున్న డాక్టర్లకూ నర్సులకూ నా అభినందనలు.

మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో రూపుదిద్దుకున్న ఓడ ఒకటుంది, ఐఎన్ఎస్ ఘరియాల్. యుద్ధ ట్యాంకుల్ని ఒడ్డుకు దించడానికి కట్టిన ఓడ అది. 2022 ఏప్రిల్ 29న కొలంబోలో అది దించింది మాత్రం మందులు. 107 రకాలు, 760 కిలోల పైచిలుకు. అవి అక్కడి అంబులెన్స్ సేవ 'సువసెరియ' కోసం. 2005లో హైదరాబాద్‌లో మొదలైన మన 108కి అది చెల్లెలు లాంటిది. మన దేశం సాయంతోనే పుట్టింది.

ఆ ఏడాది శ్రీలంకకు డాలర్లు కరువయ్యాయి. అక్కడ వాడే మందుల్లో ఎక్కువ భాగం బయటి నుంచి రావాల్సినవే. ఇంటింటికీ తిరిగే మిడ్‌వైఫ్‌లతో తల్లుల మరణాలను ఎంతో తగ్గించి, దక్షిణాసియాకే దారి చూపిన దేశం అది. అలాంటి చోట, పుట్టగానే ఊపిరాడని బిడ్డ గొంతులో పెట్టే సన్నని గొట్టాలు నిండుకునే స్థితికి వచ్చాయి. మళ్లీ వాడాల్సి రావచ్చని, వాడినవాటిని పారేయకుండా కడిగి, శుద్ధి చేసి ఉంచాల్సిన గతి పట్టింది.

అక్కడి నవజాత శిశు వైద్యులు ఆ సంగతి దాచలేదు. గొట్టాలు పంపండని ఉత్తరం రాసి బహిరంగంగా అడిగారు. సువసెరియ కూడా అంతే. మార్చిలో మన విదేశాంగ మంత్రి జైశంకర్ వాళ్ల కార్యాలయానికి వెళ్లినప్పుడు మందులు లేవని చెప్పారు. నెల తిరిగేసరికి ఓడ వచ్చింది.

కొరత చూడాలంటే సముద్రం దాటక్కర్లేదు. ఘాట్ ఎక్కి పాడేరు వైపు వెళ్తే, రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. రేపు మీలో కొందరికి పోస్టింగు అక్కడే. ఏమీ లేనప్పుడు కూడా బిడ్డను తల్లి గుండెకు ఆనించి వెచ్చగా ఉంచవచ్చు, గంటలోపు ముర్రుపాలు పట్టించవచ్చు. అది మీ చేతుల్లో పని. కానీ లేనిదాన్ని ఉన్నట్టు రిజిస్టరులో రాయకండి. పైవాళ్లు విసుక్కున్నా, లేదని రాయండి, కావాలని అడగండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. బిడ్డ అడగడమంటే ఏడవడమే. ఆ గొట్టం అవసరమైన బిడ్డ ఏడవను కూడా ఏడవలేడు. వాడి బదులు అడగాల్సింది మీరే.