ముందుగా చెప్పుకోవలసిన మాట

(ఆలయ సభామందిరంలో జరిగిన పెద్దల సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

గుడిలో నిలబడి చావు గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. మా ఇంట్లోనూ అలాగే అనుకున్నాం. అందుకే మా నాన్నగారి ఆఖరి రోజుల్లో ఏం చెయ్యాలో మాకెవరికీ తెలియలేదు.

ఆయన పదకొండు రోజులు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇండియా నుంచి అన్నయ్య ఫోన్లో "ఎంత ఖర్చయినా అన్నీ చెయ్యమను" అన్నాడు. నేను "ఇక నాన్నని బాధపెట్టద్దు" అన్నాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. డాక్టర్లు చెప్పింది తెలుగులో చెప్పే పని నాది. "ఇక లాభం లేదంటున్నారు" అన్న మాట నా నోట రాలేదు. "చూద్దామంటున్నారమ్మా" అన్నాను. తులసి తీర్థం సీసా చేతిసంచిలో పెట్టుకుని అమ్మ అలాగే కూర్చుంది. ఆ సీసా మూత తియ్యకుండానే ఇంటికొచ్చాం.

ఆ తర్వాత తెలుసుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది దుబాసీ. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివారికి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. తెలుగుకి చాలాసార్లు ఫోన్లోనో వీడియోలోనో దొరుకుతారు. అడగండి. ఆ బరువు పిల్లల మీద పెట్టకండి.

రెండోది కాగితం. 1990 నాటి చట్టం వల్ల, ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు "అడ్వాన్స్ డైరెక్టివ్ ఉందా?" అని అడుగుతారు. మనం లేదని సంతకం పెట్టేస్తాం. మనం మాట్లాడలేనప్పుడు మన తరఫున నిర్ణయించే మనిషి ఎవరో, మనకి ఏ చికిత్స కావాలో, ఏది వద్దో రాసిపెట్టే కాగితమది. ఫారం రాష్ట్రానికొక రకం. మామూలుగా లాయరు అక్కర్లేదు, సాక్షులో నోటరీయో చాలు.

మూడోది, రెండు పేర్లకి తేడా. పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, ఆయాసం తగ్గించే వైద్యం. జబ్బుకి చికిత్స జరుగుతుండగానే దాన్ని కూడా అడగవచ్చు. హాస్పీస్ వేరు. ఆరు నెలలకి మించి బతకకపోవచ్చని డాక్టర్లు ధ్రువీకరించాక, నయం చేసే చికిత్స ఆపి ఎక్కువగా ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి. 1982లో చేసిన చట్టంతో మెడికేర్ దానికి డబ్బు చెల్లిస్తోంది. హాస్పీస్‌లో చేరడమంటే వదిలేయడం కాదు. ఇష్టం లేకపోతే మళ్ళీ బయటికి రావచ్చు.

నాలుగోది మన ఆచారాలు. నర్సుకో, ఆసుపత్రి చాప్లిన్‌కో ముందే చెప్పండి. మింగలేని మనిషికి తీర్థంతో పెదవులు తడపవచ్చేమో అడగండి. ఆక్సిజన్ ఉన్నచోట దీపం వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపం పెట్టుకోవచ్చు. మంచం పక్కన సహస్రనామం నెమ్మదిగా వినిపించవచ్చు. మనం అడగందే మన పద్ధతి వాళ్ళకెలా తెలుస్తుంది?

మొన్న ఉగాదికి అమ్మ తన ఫారం నింపింది. నా పేరు రాయించి, "అన్నయ్యకీ ఒక కాపీ పంపు, మళ్ళీ మీరిద్దరూ పోట్లాడుకోకండి" అంది. చివర్లో ఒక మాట తెలుగులో తనే రాసింది, "తులసి తీర్థం మరిచిపోవద్దు" అని. దాని కింద ఇంగ్లీషులో నేను రాశాను.

మన రాష్ట్రం ఫారాలు బయట బల్ల మీద పెట్టాను. ప్రసాదం తీసుకుని వెళ్ళేటప్పుడు ఇంటికి రెండు తీసుకెళ్ళండి. ఈ వారం ఒక రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, అందరూ కూర్చుని మాట్లాడుకోండి.