ఫిడేలు రాగాలూ, మాడ్రిడ్ నవ్వులూ: మైపాడు స్నాతకోత్సవ ప్రసంగం

1939లో నెల్లూరు యువకుడొకరు పన్నెండు పద్యాలతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. దాని పేరు 'ఫిడేలు రాగాల డజన్'. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు, ఈ రోజు పట్టా అందుకుంటున్న చాలామంది వయసే. పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, పుట్టింది 1919 ఫిబ్రవరి 19న. కవిగా మాత్రం ఆయన తనను 'పఠాభి' అని పిలుచుకున్నారు. తెలుగులో ప్రయోగ కవిత్వం నవ్వుతూ వీధిలోకి వచ్చింది ఈ పుస్తకంతోనే. ముందుమాట శ్రీశ్రీ రాశారు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అప్పటికి పత్రికల్లోనే ఉంది, అది పుస్తకంగా రావడానికి 1950 దాకా పట్టింది. తన పుస్తకం కంటే పదకొండేళ్ల ముందే ఆయన ఒక కుర్రవాడి అల్లరికి పూచీ పడ్డారు.

ఆ అల్లరికి ఒక నేపథ్యం ఉంది. చిన్నయసూరి 'బాలవ్యాకరణం' 1858 నాటిది. తెలుగు రాసేవారికి అది దాదాపు చట్టంగా చలామణి అయింది. 1910లో గురజాడ 'ముత్యాల సరాలు' రాసి వాడుక భాషకూ కొత్త నడకకూ దారి తీశారు. 1925లో కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' వచ్చింది. దాని వెంట భావకవుల తరం అంతా వెన్నెల, వసంతం, విరహం అనే మూడు మాటల చుట్టూ తిరిగింది. మొదటి కవుల్లో నిజమైన బాధగా ఉన్నది, అనుకరించినవారి చేతుల్లో అలవాటుగా మారింది. 1930ల చివరికి ఈ అలవాటును వదిలించుకోవాలని చాలామందికి అనిపించింది. శ్రీశ్రీ కార్మికుడి వైపు తిరిగారు, శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవికత వైపు నడిచారు, శిష్ట్లా ఉమామహేశ్వరరావు జానపదుల లయనూ విదేశీ పోకడలనూ కలిపి చూశారు. పఠాభి ఎంచుకున్న దారి పరిహాసం.

పుస్తకం పేరులోనే ఆ దారి కనిపిస్తుంది. వీణ ఉండాల్సిన చోట ఫిడేలు వచ్చింది. శతకానికి నూరు పద్యాలు లెక్కయితే, ఇక్కడ లెక్క అంగట్లో అరటిపళ్లు కొనే లెక్క. లోపలికి వెళితే కవి తన వచన పద్యాలను కర్రలుగా పట్టుకుని పాత పద్యాన్ని చితకబాదుతానంటారు, బాలవ్యాకరణానికి శిక్ష వేస్తానంటారు. తాను అహంభావ కవినని చాటుకుంటారు. భావకవులు ఆరాధించిన చందమామ ఆయన పద్యంలో మద్రాసు చైనా బజారు మీది ఆకాశంలో ఎవరో తగిలించిన వస్తువులా వేలాడుతుంది. ఆ మార్పు చిన్నది కాదు. బజారులో దీపాలు, జనం, బేరాలు ఉంటాయి. అక్కడి చంద్రుడిని చూసి ఎవరూ నిట్టూర్చరు. నగరం తెలుగు కవిత్వంలోకి అడుగుపెట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి, అది అడుగుపెట్టింది కొంటెగా.

ఆ చంద్రుడు మద్రాసులో ఉండడానికి కారణం నెల్లూరు జిల్లా భూగోళంలోనే ఉంది. అప్పటి నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. చదువుకూ కోర్టుకూ వ్యాపారానికీ ఇక్కడివారు చూసింది దక్షిణం వైపే. మైపాడు తీరానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ కూడా పడవలను మద్రాసుకు చేర్చేది. నెల్లూరుకు పాతిక కిలోమీటర్లలో ఉన్న ఈ రేవు నుంచి చూసినా, మద్రాసు మెరీనా నుంచి చూసినా సముద్రం ఒకటే. మారింది ఒడ్డున ఉన్న జీవితం. పఠాభి రాసింది ఆ మార్పునే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పఠాభి పాశ్చాత్యం చదివి దాన్ని తెలుగులో దించారనేది తేలికగా వినిపించే మాట. ఆయన శాంతినికేతన్‌లో చదివారు, తర్వాత కలకత్తాలో ఇంగ్లీషు సాహిత్యం చదివారు, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికీ వెళ్లారు. చదువుల ప్రభావం ఉండకుండా పోదు. కానీ ఆయన వాక్యాన్ని దగ్గరగా చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. గ్రాంథికంలో మాత్రమే వాడే బహువచన రూపం పక్కనే ఇంగ్లీషు మాట కూర్చుంటుంది. శ్లేష, యమకం, అనుప్రాస ఆయనకు నిత్యం చేతిలో ఉండే పనిముట్లు. ఛందస్సును తన్నాలనుకున్న మనిషికి ఛందస్సు ఎక్కడ నొప్పిపడుతుందో బాగా తెలుసు. అది తెలియనివాడు పద్యాన్ని వదిలేయగలడు గానీ వెక్కిరించలేడు.

అలాంటి వెక్కిరింతకు తెలుగులో చాలా పాత చిరునామా ఉంది. రాజుల కాలం నుంచీ చాటువు అనే ప్రక్రియ నడుస్తూనే ఉంది. గంభీరమైన కావ్యం రాసిన కవే చాటువులో ఆకలినీ అప్పునీ ఊరి దుస్థితినీ పట్టుకుని నవ్వించేవాడు. శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు అలాంటివే. అష్టావధానంలోనైతే నవ్వు ఒక పదవే పొందింది. ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగి. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే ఆయన బాధ్యత. నిషిద్ధాక్షరి, సమస్య అనే అంశాల మధ్య ఆయన అడ్డగోలు ప్రశ్న వేస్తాడు. అవధాని ధార తప్పకుండా దానికి చమత్కారంగా జవాబు చెప్పాలి. ఇంత నిష్ఠగా కట్టిన సభలో నిష్ఠను భంగపరిచే మనిషికి పెద్దలు తామే పీట వేశారు. పఠాభి చేసింది ఆ పీటను సభ మధ్యకు లాగడం.

దీనికి కొంచెం ముందు స్పెయిన్‌లో ఇలాంటి పని జరిగింది. మాడ్రిడ్‌లో 1910లో 'రెసిదెన్సియా దె ఎస్తుదియాంతెస్' అనే విద్యార్థి వసతిగృహం మొదలైంది. అక్కడ ఉపన్యాసాలు ఇచ్చినవారిలో 1923లో వచ్చిన ఐన్‌స్టీన్ ఒకరు. 1920లలో ఆ గదుల్లో ఉన్న ముగ్గురు విద్యార్థులను ఇప్పుడు ప్రపంచమంతా ఎరుగును: కవి లోర్కా, చిత్రకారుడు డాలీ, సినిమా దర్శకుడు బున్యుయేల్. కుళ్లిపోయిన పాత అభిరుచికి వాళ్లు ఒక ఎగతాళి పేరు పెట్టుకున్నారు. ఆ అభిరుచి గల పెద్దమనుషుల బొమ్మలు డాలీ వేయగా లోర్కా ముందుమాటతో పుస్తకం తేవాలనుకున్నారు. ఆ పుస్తకం రానేలేదు.

1923లో బున్యుయేల్ 'టొలెడో వీరశ్రేణి' అని ఒక ఉత్తుత్తి సంఘం పెట్టారు. మధ్యయుగాల వీరుల సంఘాలకు అది అనుకరణ. అందులో దండనాయకుడి పదవి తనకే ఇచ్చుకున్నారు. వీరుడి హోదా దక్కాలంటే టొలెడో నగరాన్ని ఎలాంటి షరతూ లేకుండా ప్రేమించాలి, ఒక రాత్రంతా తాగి ఆ సందుల్లో తిరగాలి. పెందలాడే పడుకునేవారికి దక్కేది వీరుడి వెనక నడిచే సేవకుడి హోదా. వాళ్లు దిగింది సెర్వాంటెస్ కథతో ముడిపడిన పాత సత్రంలో. వెళ్లి చూసింది ఎల్ గ్రెకో బొమ్మలను. ఈ సంఘంలో గమనించవలసింది ఈ చివరి రెండు సంగతులే. సెర్వాంటెస్ 'డాన్ కిహోటే' రాసిన దేశంలో వీరత్వాన్ని చూసి నవ్వడం దేశవాళీ విద్య. సెర్వాంటెస్‌నూ ఎల్ గ్రెకోనూ అంతగా ప్రేమించినవారే తమ కాలపు డాంబికాన్ని చూసి అంతగా నవ్వగలిగారు. 1929లో బున్యుయేల్, డాలీ కలిసి తీసిన 'అండలూషియన్ కుక్క' అనే చిత్రంలో ఉన్న దుడుకుతనం ఈ హాస్టలు గదుల్లో సాధన చేసిందే.

వీళ్లకు ముందు నడిచిన పెద్దాయన, రచయిత రామోన్ గోమెస్ దె ల సెర్నా. హాస్యాన్నీ రూపకాన్నీ కలిపితే వచ్చే ఒక్క వాక్యపు రచనను ఆయన ఒక ప్రక్రియగా మలిచి వేల సంఖ్యలో రాశారు. మాడ్రిడ్‌లో పోంబో అనే కాఫీ హోటలులో శనివారం రాత్రులు సభ తీర్చేవారు. ఒకసారి సర్కస్‌లో ఏనుగు మీద కూర్చుని ప్రసంగించారు.

మాడ్రిడ్ వసతిగృహానికీ నెల్లూరుకూ మధ్య ఒక దారం కూడా ఉంది. ఆ వసతిగృహంతో సన్నిహితంగా ఉన్న కవి హువాన్ రామోన్ హిమెనెస్, ఆయన భార్య సెనోబియా కాంప్రుబి కలిసి 1915 నుంచి టాగోర్ రచనలను స్పానిష్‌లోకి తెచ్చారు. ఒకే మహాకవిని మాడ్రిడ్ కుర్రవాళ్లు పుస్తకాల్లో అందుకున్నారు, పఠాభి ఆయన ఆశ్రమమైన శాంతినికేతన్‌లోనే చదువుకున్నారు. ఇరుపక్కలా టాగోర్ మార్దవానికి ఏమాత్రం పోలిక లేని కళ పుట్టింది. గురువు నుంచి శిష్యుడు ఎప్పుడూ గొంతునే తీసుకోడు. ఒక్కోసారి ధైర్యాన్ని తీసుకుంటాడు.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. ఆ ఆగస్టులోనే తిరుగుబాటు సేనాని ఫ్రాంకో పక్షంవారు లోర్కాను కాల్చి చంపారు. యుద్ధం ముగిశాక దేశమంతా సెన్సారు చేతిలోకి వెళ్లింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, 1945లో, ముగ్గురు మాడ్రిడ్‌లో 'పోస్తిస్మో' అనే ఉద్యమాన్ని స్థాపించారు: కార్లోస్ ఎద్ముందో దె ఒరీ, ఎదువార్దో చిచార్రో, సిల్వానో సెర్నేసీ. ఒరీకి అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. గంభీరమైన ఇతర ఉద్యమాలన్నిటి తర్వాత వచ్చేది తమదేనని ఆ పేరుకు అర్థం. ఆటకూ శబ్దక్రీడకూ నవ్వుకూ వాళ్లు మొదటి పీట వేశారు. ఉద్యమం పేరుతో తెచ్చిన పత్రిక ఒక్క సంచికతో నిషేధానికి గురైంది. మరో పేరుతో ఇంకో పత్రిక తెచ్చారు, అదీ ఒక్క సంచికే. పాలనను ఒక్క మాట అనని శబ్దక్రీడను సైతం ఆ పాలన ఓర్చుకోలేకపోయింది. అదుపులో పెట్టాలనుకునేవారికి అర్థం కాని నవ్వు చాలా ఇబ్బంది.

ఈ పోలికలో పఠాభికి లేనిది కనిపిస్తుంది. మాడ్రిడ్‌లో గది ఉంది, కాఫీ హోటలు ఉంది, పత్రిక ఉంది, పక్కన స్నేహితుల గుంపు ఉంది. పఠాభికి ఒక పుస్తకం, ఒక ముందుమాట ఉన్నాయి. ఆయన ప్రణాళిక ప్రకటించలేదు, శిష్యులను పోగు చేయలేదు, కొద్దికాలానికే చదువుల కోసం విదేశం వెళ్లారు. అందుకే ఉద్యమం కావలసినది ఒక పేలుడుగా ఆగిందని కొందరు విమర్శకులు అంటారు. అది సగమే నిజం. ఆయన తెరిచిన తలుపులోంచి తర్వాత చాలామంది నడిచారు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీని ఒక కళగా నిలబెట్టారు. ఆరుద్ర 1949లో 'త్వమేవాహం'లో శబ్దంతోనూ కాలంతోనూ ఆడుకున్నారు. శ్రీశ్రీ సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమరిక్కులు 'సిప్రాలి'గా ఒక చోట చేరాయి. విప్లవ కవిగానే శ్రీశ్రీని చదివేవారు ఆ పుస్తకాన్ని పక్కన పెడతారు. అది పొరపాటు. ఆ చేతి ఒడుపు లేకుండా ఆ విప్లవ గీతాల నడక కూడా లేదు.

గుంపుగా, ప్రణాళికతో, తమదైన పంచాంగంతో సహా వచ్చిన తెలుగు ప్రయోగోద్యమం దిగంబర కవులది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు వారాలకూ ఋతువులకూ సంవత్సరానికీ కొత్త పేర్లు పెట్టుకున్నారు. మొదటి సంపుటిని 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. ఆవిష్కరణ సభ అనే తంతును తలకిందులు చేయడంలో పఠాభి కొంటెతనం ఛాయ ఉంది. కానీ వాళ్ల మూలధాతువు కోపం. కోపం తొందరగా జనాన్ని కూడగడుతుంది, తొందరగా చీలిపోతుంది కూడా. వారి ఉద్యమం 1968లో మూడో సంపుటితో ఆగింది.

పఠాభి కవిత్వంలో లోపాలు లేకపోలేదు. స్త్రీల గురించి రాసిన చోట ఆయన చూపు తరచుగా శరీరం దగ్గరే ఆగిపోతుంది. అహంభావం కొన్నిచోట్ల పాత్రగా కాక కవి స్వభావంగానే వినిపిస్తుంది. ఈనాటి పాఠకురాలికి ఆ పద్యాలు చికాకు కలిగిస్తే ఆ చికాకు న్యాయమైనదే.

ఆయనకు కవిత్వంలో దొరకని గుంపు సినిమాలో దొరికింది. 1958లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'పెళ్లినాటి ప్రమాణాలు' నిర్మాణంలో ఆయన పాలుపంచుకున్నారు. 1970లో యు.ఆర్. అనంతమూర్తి నవలను 'సంస్కార' పేరుతో కన్నడంలో స్వయంగా తీశారు. స్క్రీన్‌ప్లే రాసి ప్రధాన పాత్ర వేసింది గిరీష్ కర్నాడ్. నవలలోని చంద్రి పాత్ర వేసింది పఠాభి భార్య స్నేహలతారెడ్డి. ఛాయాగ్రహణం ఆస్ట్రేలియాకు చెందిన టామ్ కోవన్‌ది, సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్‌ది. ఒక తెలుగు కవి చుట్టూ కన్నడ రచయితలు, విదేశీ సాంకేతికులు చేరిన ఆ బృందమే ఒక ఉద్యమం. సెన్సారు మొదట చిత్రాన్ని ఆపింది. విడుదలయ్యాక జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారం పొందింది. ఆ గౌరవం దక్కిన తొలి కన్నడ చిత్రం అదే. కన్నడంలో నవ్య సినిమా మొదలైంది అక్కడి నుంచే.

పోస్తిస్మో కవులు చూసిన నిషేధం పఠాభి ఇంటికి మరింత కఠినంగా వచ్చింది. దంపతులిద్దరూ సోషలిస్టు నేత రామమనోహర్ లోహియా ఆలోచనలను నమ్మినవారు. ఎమర్జెన్సీలో 1976 మే నెలలో స్నేహలతను అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైలులో పెట్టారు. ఉబ్బసం ముదిరి ఆరోగ్యం పూర్తిగా చెడ్డాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. ఐదు రోజులకు ఆమె మరణించారు. అదే ఏడాది పఠాభి ఎమర్జెన్సీ వస్తువుగా 'చండమారుత' తీశారు.

ఆ మరుసటి ఏడాది, 1978లో, ఆయన కవితా సంపుటి 'కయిత నా దయిత' వచ్చింది. 'పఠాభి పన్‌చాంగం' కూడా ఆయనదే. పంచాంగం పేరులోకి ఇంగ్లీషు శ్లేషను దూర్చి, లోకం మీద ఒక్కో వాక్యం చొప్పున విసిరిన చమత్కారాల పుస్తకం అది. గోమెస్ దె ల సెర్నా వాక్యాల పక్కన పెట్టి చదవదగిన తెలుగు పుస్తకం ఏదని అడిగితే చూపించవలసింది దీన్నే. 2006 మే 6న కన్నుమూసేదాకా పఠాభి కవిగా తన పేరు కింద ఈ మూడు పుస్తకాలనే ప్రధానంగా మిగుల్చుకున్నారు. ఇవాళ ఏ తెలుగు కవీ తన పద్యంలో ఇంగ్లీషు మాట వేయడానికి జంకడు, బజారును చందమామ కింద పెట్టడానికి సంజాయిషీ ఇచ్చుకోడు.